గోంగూరకో పేజీ, పుంటికూరకో పేజీ వద్దు

పచ్చళ్లు అమ్మే సైటు గోంగూర, పుంటికూర, ఊరగాయ, తొక్కు అని వెతికేవాళ్లందరికీ కనబడాలంటే ఒక్కో మాటకు ఒక్కో పేజీ పెట్టాలా అని అడిగారు. వద్దండి. ఒకే సరుకుకు నాలుగు పేజీలుంటే అవి వాటిలో అవే పోటీ పడతాయి, బయటినుంచి వచ్చే లింకులు నాలుగు ముక్కలవుతాయి. ఇప్పటికే పెట్టేసి ఉంటే బాగా నడిచేదాన్ని ఉంచి, మిగతా మూడింటినీ, పాత అడ్రసుకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే 301 రీడైరెక్ట్‌తో దానికి మళ్లించండి. ఆ రీడైరెక్ట్ కనీసం ఏడాది తీయకండి.

మాటలు సొంతంగా ఊహించుకోవద్దు. సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ ఉచిత పనిముట్టు సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, తేదీని 16 నెలలకు పెట్టి, ఆ ఒక్క పేజీకే ఫిల్టర్ వేసి క్వెరీలు (జనం వెతికిన మాటలు) చూడండి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనబడిన సార్లు) బాగా ఉండి క్లిక్కులు రానివి, పొజిషన్ (ఫలితాల్లో సగటు స్థానం) 8 నుంచి 20 మధ్య తిరిగేవి రాసుకోండి. మీకు పనికొచ్చే మాటలు అవే. గోంగూరనే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు యు పెట్టి కొడతారు, ఇంకొకరు రెండు ఓలు పెడతారు. అవన్నీ పేజీలో ఎక్కించక్కర్లేదు, స్పెల్లింగు తేడాలు గూగుల్ సర్దుకుంటుంది. ఎక్కువమంది రాసేది ఒక్కటి టైటిల్లో ఉంటే చాలు. పుంటికూర సంగతి వేరు. అది స్పెల్లింగు తేడా కాదు, తెలంగాణలో ఆ కూర అసలు పేరే అది. గూగుల్ దానంతట అదే పోల్చుకుంటుందని వదిలేయకండి.

టైటిల్: ‘గోంగూర (పుంటికూర, Gongura) నిల్వ పచ్చడి – అరకిలో, కిలో’. మొదటి పేరాలో ఒక వాక్యం: ‘తెలంగాణలో పుంటికూర తొక్కు అనేది దీన్నే.’ ఫొటోలో ఏముందో కోడ్‌లో రాసే ఆల్ట్ టెక్స్ట్‌లో ఒక పేరు, వేరే పేజీల నుంచి ఇచ్చే లింకుల్లో రెండో పేరు. అంతకు మించి వద్దు. ప్రతి వాక్యంలోనూ నాలుగు పేర్లూ కుక్కితే చదివేవాడు పారిపోతాడు, గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది పచ్చడి అనే మాట దగ్గర. ‘గోంగూర పచ్చడి ఎలా చేయాలి’ అనేవాడు రోట్లో నూరుకునే మనిషి, ‘గోంగూర పచ్చడి కిలో ధర’ అనేవాడు కొనే మనిషి. మాట ఒకటే, అవసరాలు రెండు. వేరే పేజీ కావాల్సింది ఇక్కడే. తయారీ పేజీ విడిగా రాసి, అందులోంచి అమ్మకం పేజీకి లింకు ఇవ్వండి.

పేజీ కోడ్‌లో చదివేవాళ్లకు కనబడకుండా ఉండే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో యాభై మాటలు నింపి డబ్బులు గుంజేవాళ్లు ఇంకా ఉన్నారు, అదే నా బాధ. ర్యాంకింగుకు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే తేల్చి చెప్పింది. ఇంకో దరిద్రం, సరుకు పేర్లను యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టి బొమ్మలుగా పెట్టడం. బొమ్మమీది పేరును గూగుల్ పేజీలోని మాటగా చదువుతుందని నమ్ముకోలేం. పేర్లన్నీ ఫోన్లలో, వెబ్‌లో మామూలుగా నడిచే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించి, పైన చెప్పిన మార్పులు చేసి, 28 రోజులు ఆగి అదే ఫిల్టర్‌లో ముందు 28 రోజులతో పోల్చి చూడండి.