అమ్మ వద్దంటున్నా బెంగళూరు ఉద్యోగానికి వెళ్ళవచ్చా?

పరకాల దగ్గర ఊరు, ఒక్కడే కొడుకు, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, అమ్మ మాత్రం వద్దంటోంది, ఏం చేయాలి అని అడిగావు. వెళ్ళు తమ్ముడూ. కాకపోతే బ్యాగు సర్దుకునే ముందు ఊళ్ళో చేయాల్సిన పని ఒకటుంది.

మాది నర్సంపేట వైపు. నేను పుణేలో ఉండగా ఒక రాత్రి మా బాపుకు గుండెనొప్పి వచ్చింది. విమానం దొరికినా దిగేది శంషాబాద్‌లోనే కదా. అక్కడి నుంచి ఉప్పల్, భువనగిరి, జనగామ దాటి హన్మకొండ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. బాపును కాపాడింది పక్కింటి మామ. 108కి ఫోన్ చేసి, తనూ బండెక్కి వెంట వెళ్ళాడు. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కోసం కార్డు అడిగితే అది ఏ బీరువాలో ఉందో అమ్మకే తెలుసు. ఆ కంగారులో ఆమెకూ గుర్తు రాలేదు. 2023 డిసెంబరు నుంచి ఆ పథకం కింద 10 లక్షల దాకా వైద్యం ఉంది కానీ, అర్ధరాత్రి కార్డు దొరక్కపోతే ఎంత టెన్షనో చూశాను.

ఇప్పుడు మా ఇంట్లో కార్డులు, పాత రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ ఒకే సంచిలో ఉంటాయి. అదెక్కడుందో మామకూ తెలుసు. కొంత నగదు కూడా ఆయన దగ్గరే పెట్టాం. నువ్వు వెళ్ళేలోపు అలాంటి మనిషిని ఒకరిని చూసుకో. మా చెల్లె హన్మకొండలో ఉంటుంది, నెలనెలా బాపును డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది తనే. డబ్బులు పంపే నాకు దక్కినంత పేరు ఆమెకు రాదు, అది నాకు బాధగానే ఉంటుంది.

తర్వాత నేను హైదరాబాద్ మారాను. సికింద్రాబాద్‌లో రైలెక్కితే రెండు, రెండున్నర గంటల్లో కాజీపేట. జీతం కొంచెం తక్కువైనా హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికితే అదే మేలంటాను. కాజీపేట పక్కనున్న మడికొండలో కూడా 2020 నుంచి ఐటీ కంపెనీలున్నాయి, అనుభవం వచ్చాక అటూ ప్రయత్నించవచ్చు.

అమ్మ ఎందుకు వద్దంటోందో పక్కన కూర్చుని అడుగు. మా అమ్మ భయం ఆసుపత్రి గురించి కాదు. "సద్దుల బతుకమ్మకన్న వస్తవా బిడ్డా?" అంది, అంతే. అందుకే చేరగానే దసరా సెలవు సంగతి మేనేజర్‌తో మాట్లాడుకో. ఆ వారం రైళ్ళలో సీట్లు చాలా ముందే అయిపోతాయి.