32 కిలోమీటర్ల నడకలో ఆగవలసింది ఎప్పుడు?

ప్రశ్న: నా వయసు 41. బ్యాంకు ఉద్యోగిని. కిందటి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు సాయంత్రం బ్యాంకు నుంచి నేరుగా వెళ్లి, చెప్పులు లేకుండా నడిచి, మాధవధార దగ్గర ఇక అడుగు పడక ఆటో ఎక్కాను. సంకల్పం గట్టిదైతే పూర్తయ్యేదని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంటారు. ఆ రోజు ఓడిపోయింది నా శరీరమా, మనసా? ఈసారి ఎలా సిద్ధపడాలి? – ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మీ సంకల్పంలో లోపం ఉందని నేను అనుకోను. పగలంతా లెక్కలతో అలసిన మెదడుతో మీరు కొండ కింది తొలి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరారు. 2009లో వ్యాయామ శాస్త్రవేత్త సామ్యుయెలె మార్కోరా బృందం జరిపిన ప్రయోగంలో, 90 నిమిషాలు ఏకాగ్రతతో చేయవలసిన పని ముగించి సైకిలు తొక్కినవారు, ఆ పని లేని రోజుకంటే ముందే ఆపేశారు. వారి గుండె, ఊపిరితిత్తుల కొలతల్లో అందుకు కారణం కనిపించలేదు కానీ, అదే శ్రమ వారికి మొదటి నుంచీ ఎక్కువగా తోచింది. అందువల్ల ఈసారి ఆ రోజుకు సెలవు పెట్టి, మధ్యాహ్నం నిద్రపోయి బయలుదేరండి. అన్నిటికంటే ముందు నేను చెప్పేది ఇదే.

ఇక శరీరం సంగతి. ఆషాఢంలో మన తీరపు గాలిలో తేమ ఎక్కువగా ఉండటం వల్ల చెమట పడుతుందే కానీ త్వరగా ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు కనుక, హనుమంతవాక దాటి అప్పూఘర్ చేరేసరికి రాత్రివేళ కూడా వేడి లోపలే పేరుకుంటుంది. దాహం వేసినంత మేరకే తాగండి. గంటల తరబడి వట్టి నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు కాబట్టి, మధ్యమధ్య ఓఆర్ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ తీసుకుంటూ, దారిలో పెట్టే ప్రసాదం కొద్దికొద్దిగా తినండి. రక్తపోటుకు మందులు వాడుతుంటే ఉప్పు విషయం ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

విసుగు, పిక్కల బరువు, "ఇంకెంత దూరం" అన్న దిగులు వస్తే వేగం తగ్గించి, పది నిమిషాలు కూర్చుని, దారిలోని ఎన్ఏడీ కూడలి వరకు మాత్రమే అనుకుని మళ్లీ నడవవచ్చు. మాట తడబడటం, అయోమయం, ఆగని వాంతులు, వణుకు, ఛాతీలో నొప్పి, అడుగు వేసిన ప్రతిసారీ ఒకేచోట పొడిచినట్లుండే నొప్పి వీటికి భిన్నమైనవి. వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి సహాయ కేంద్రానికి వెళ్లాలి. అయోమయంలో ఉన్న మనిషికి తన స్థితి తనకు తెలియదు కనుక, ఆగమని చెప్పే అధికారాన్ని బయలుదేరక ముందే తోడు వచ్చేవారికి ఇవ్వండి. ఆ తోడు మీ ఆడపడుచుగారే అయితే నాకు మరింత సంతోషం.

సాధనను మూడు నెలల ముందే మొదలుపెట్టి, వారానికొక దూరపు నడకను రుషికొండ నుంచి భీమిలి వైపు క్రమంగా పెంచుతూ, 20 కిలోమీటర్లు దాటాక చివరి రెండు వారాలు బాగా తగ్గించండి. తారురోడ్డుపై వట్టి కాళ్లతో నడవాలన్నది మీ మొక్కు అయితే పాదాలకూ ఆ అలవాటు అంతే నెమ్మదిగా చేయాలి. మొక్కు లేకపోతే పాత, మెత్తని చెప్పులు వేసుకోండి. మధుమేహం ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గి పుండ్లు తెలియకపోవచ్చు కనుక, వట్టి కాళ్ల నడకను నేను ఎంతమాత్రం ఒప్పుకోను.