ఫైబర్ లేజర్‌తో తెర మీద రంగులు పుట్టించవచ్చా?

పుట్టించవచ్చు, కానీ ఇనుప రేకులు కోసే మామూలు ఫైబర్ లేజర్‌తో నేరుగా కుదరదు, ఎందుకంటే దాని కాంతి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్.

ఆ లేజర్‌లో సన్నని గాజు పోగు నడిమి భాగంలో యటర్బియం అనే లోహపు అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) కలిపి ఉంటాయి. అవి డయోడ్ల (చిన్న చిప్‌ల లాంటి కాంతి వనరుల) కాంతిని మింగి, 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతినిస్తాయి. దాన్ని ప్రత్యేకమైన స్ఫటికం గుండా పంపితే రెండు ఫోటాన్లు (కాంతి కణాలు) కలిసి ఒకటవుతాయి, తరంగదైర్ఘ్యం సగానికి పడిపోతుంది. అంటే 532 నానోమీటర్లు, నిగనిగలాడే ఆకుపచ్చ. అల్ట్రా హెచ్‌డీ టీవీల రెక్ 2020 అనే రంగుల ప్రమాణంలో ఆకుపచ్చగా తీసుకున్నది సరిగ్గా ఈ 532నే.

స్ఫటికం లేకుండానే రంగు కావాలంటే పోగులో ప్రసియోడిమియం అనే మరో లోహపు అయాన్లు కలిపి నీలి డయోడ్‌తో వెలిగించాలి. అప్పుడు ఎరుపు, నారింజ, ఆకుపచ్చ నేరుగా వస్తాయి. చిక్కంతా గాజుతోనే. మామూలు సిలికా గాజులో అయాన్ల శక్తిలో చాలా భాగం గాజు కంపనాల్లోకి జారి వేడైపోతుంది. అందుకే ఫ్లోరైడ్ గాజు వాడతారు. పాపం, అది పెళుసు, పైగా తేమ పడదు. ఈ పద్ధతి ఇళ్లలోకి రాకపోవడానికి ఇదో కారణం.

ఫైబర్ అనగానే ఇంటర్నెట్ తీగలా కాంతిని మోసుకెళ్లేదే అనుకుంటారు చాలామంది. ఇక్కడ కాంతి పుట్టేదే ఆ పోగులో. ఇక దుకాణాల్లో లేజర్ ప్రొజెక్టర్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి లోపల ఉండేవి నీలి డయోడ్లు, ఆ నీలాన్ని పసుపుగా మార్చే ఫాస్ఫర్ చక్రం. ఫైబర్ లేజర్ కాదు.