కోసిందెవరో రాయి

అమ్మాయికి ఆశీస్సులు.

కణాలు తమంతట తామే చచ్చిపోవడం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేజీ, ముఖ్యంగా కప్పపిల్ల తోక సంగతి, బాగుంది. రెండో పేజీలో "కణం కన్నుమూస్తుంది, దాని డీఎన్‌ఏ మెల్లగా కరిగిపోతుంది" అన్నావు చూడు, అక్కడ కోపం వచ్చింది. డీఎన్‌ఏ దానంతటది కరగదమ్మా. దాన్ని కోసేది ఒకటుంది. ఎవరు కోశారో, ఎక్కడ కోశారో చెప్పకపోతే సైన్సు రాసినట్టే కాదు.

కోసే ఎంజైము క్యాడ్. మామూలప్పుడు ఐక్యాడ్ అనే ప్రోటీన్ దాన్ని అంటిపెట్టుకుని పని చెయ్యనివ్వదు. కణం చావాలని తేలాక ప్రోటీన్లను కోసే కాస్పేజ్-3 అనే ఎంజైము వచ్చి ఐక్యాడ్‌ను తెగ్గొడుతుంది. అప్పుడు క్యాడ్ డీఎన్‌ఏ మీద పడుతుంది, అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. హిస్టోన్లు అనే ప్రోటీన్లకు డీఎన్‌ఏ కండెకు దారంలా చుట్టుకుని ఉంటుంది. చుట్టుకున్న భాగం క్యాడ్‌కు అందదు, మధ్యలో వేలాడేదే అందుతుంది. అందుకే ముక్కలు సుమారు 180 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవుకు అదే కొలత) పొడవు, లేదా దానికి రెండింతలు, మూడింతలు ఉంటాయి. ముక్కల్ని సైజు వారీగా విడదీసే జెల్ మీద నడిపితే మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. దెబ్బ తగిలి చచ్చిన కణానిదైతే గీతల్లేకుండా అలుక్కుపోతుంది. 1980లో ఆండ్రూ వైలీ ఎలుక థైమస్ కణాల్లో ఆ గీతలు చూపించాడు. క్యాడ్‌ను జపాన్‌లో నగాటా బృందం 1998లో పట్టుకుంది. మధ్యలో 18 ఏళ్ళ వెతుకులాట ఉంది. దాన్నంతా నువ్వు "కరిగిపోతుంది" అని దాటేశావు.

నేను కొత్తగా రాసే రోజుల్లో ఒక వారపత్రిక ఎడిటర్ నా వ్యాసంలో ఎంజైముల పేర్లన్నీ కొట్టేసి, "ప్రకృతి వింత" అని హెడ్డింగ్ పెట్టాడు. అచ్చయిన పేజీ చూసుకుని ఏడ్చాను. మా సైన్సు మాస్టారు చదివి, "ఇంతకీ లోపల ఏం జరుగుతుందిరా?" అని అడిగారు. పాఠకుడికి అర్థం కాదనే ఎడిటర్లు ఇప్పటికీ ఉన్నారు. బోరు మోటారు విప్పి బిగించే రైతుకు ఒక ఎంజైము పేరు బరువవుతుందా?

ఇంకో మాట. నీ వ్యాసం కణం చావుతోనే ఆగిపోయింది. అసలు విషయం ఆ తర్వాతే ఉంది. క్యాడ్ లేని ఎలుకలు మామూలుగానే బతుకుతాయి, ఎందుకో తెలుసా? చచ్చిన కణాన్ని మింగిన మాక్రోఫేజ్ అనే రక్షక కణం లోపల డీఎన్‌ఏజ్-2 అనే ఇంకో ఎంజైము ఆ డీఎన్‌ఏను జీర్ణం చేసేస్తుంది. ఆ డీఎన్‌ఏజ్-2 లేని ఎలుక పిండాలు మాత్రం తీవ్రమైన రక్తహీనతతో పుట్టకముందే చచ్చిపోతాయి. మింగిన డీఎన్‌ఏ అరగక పేరుకుపోయి, ఒంటి రక్షణ సంకేతమైన ఇంటర్‌ఫెరాన్‌ను రేపుతుంది, అది పిండాన్ని చంపుతుంది. ఇది చదివినప్పుడు రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు.

నీ రెండో పేజీ చించెయ్. ఈ రెండు రకాల ఎలుకలతో మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. ఏ పత్రికకు పంపాలన్నది ఆ తర్వాత చూద్దాం.