రిలే ఉన్నా లోపాల రేటు వేగంగా తగ్గకపోతే ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను: మూలం, రిలే, గమ్యం అనే మూడు నోడ్ల (రేడియో పరికరాల) వైర్‌లెస్ వ్యవస్థలో రిలే తనకు అందిన బిట్లను డీకోడ్ చేసి మళ్ళీ పంపుతోంది, గమ్యం నేరుగా వచ్చిన సంకేతాన్నీ రిలే పంపినదాన్నీ మాగ్జిమల్ రేషియో పద్ధతిలో, అంటే బలమైన ఛానల్ మీద వచ్చినదానికి ఎక్కువ బరువు ఇచ్చి, కలుపుకుంటోంది, అయినా ఎస్ఎన్ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సంకేతానికి ఉన్న బలం) పెంచుతూ పోతే బిట్ లోపాల రేటు ఒకే దారి ఉన్నట్టు నెమ్మదిగానే తగ్గుతోంది. రిలే నోడ్లను సిములేషన్లలోనూ రేడియో బోర్డుల మీదా చాలాకాలంగా పరీక్షిస్తున్న అనుభవంతో నేనిచ్చే సలహా ఒకటే: కోడ్‌లో తప్పు కోసం వెతికే ముందు రిలే తీసుకున్న నిర్ణయాలను విడిగా నమోదు చేయండి. గమ్యం దగ్గర లెక్కించిన ఒక్క అంకెలో రెండు వేర్వేరు కారణాల వల్ల వచ్చిన లోపాలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి, దాన్ని ఎంతసేపు చూసినా కారణం బయటపడదు.

ప్రతి బిట్‌కూ మూలం పంపిన విలువ, రిలే నిర్ణయించిన విలువ, గమ్యం నిర్ణయించిన విలువ మూడింటినీ పక్కపక్కన రాయించి, గమ్యం దగ్గర తప్పిన బిట్లను రిలే సరిగ్గా చదివినవి, తప్పుగా చదివినవి అని రెండుగా విడదీయండి. నేను ఇలా విడదీసిన ఒక లాగ్‌లో, ఎస్ఎన్ఆర్ ఎక్కువగా ఉన్న భాగంలో తప్పిన బిట్లు దాదాపు అన్నీ రెండో వర్గంలోనే చేరాయి. అందులో ఒక వరుస చూడండి: పంపినది +1, నేరుగా వచ్చిన శాఖ, బరువు కలిపాక, సుమారు +0.6, రిలే శాఖ సుమారు −2.3. మొత్తం −1.7 కాబట్టి గమ్యం −1 అని తేల్చింది. ఆ క్షణంలో రిలే నుంచి గమ్యానికి ఉన్న ఛానల్ ఎంతో బాగుంది; అది మోసుకొచ్చిన బిట్ మాత్రం తప్పు. మాగ్జిమల్ రేషియో పద్ధతి చివరి అంచె (రిలే నుంచి గమ్యానికి) బలాన్ని మాత్రమే చూసి బరువు ఇస్తుంది, మొదటి అంచెలో (మూలం నుంచి రిలేకు) ఏం జరిగిందో దానికి తెలియదు. అందువల్ల తప్పుడు సాక్ష్యానికే ఎక్కువ విలువ దక్కుతుంది.

దీన్ని కాగితం మీద కూడా సరిచూసుకోవచ్చు. రేలీ ఫేడింగ్‌లో (సంకేతం బలం యాదృచ్ఛికంగా పెరిగి తగ్గే ఛానల్‌లో) బీపీఎస్‌కే (ప్రతి బిట్‌నూ +1 లేదా −1గా పంపే పద్ధతి) వాడుతూ, మూడు లింకుల సగటు ఎస్ఎన్ఆర్ 20 డెసిబెల్ అనుకుందాం. ఒక్క లింకు లోపాల రేటు సుమారు 0.0025. రిలే ఎప్పుడూ తప్పు చేయకపోతే రెండు శాఖలు కలిపిన తర్వాత లక్ష బిట్లకు తప్పేవి దాదాపు 2 మాత్రమే. కానీ రిలే కూడా 0.0025 సంభావ్యతతో తప్పు చదువుతుంది. అలా తప్పు చదివినప్పుడు, రెండు శాఖల సగటు బలం సమానం కాబట్టి, సుమారు సగం సార్లు దాని మాటే నెగ్గుతుంది. అంటే ఈ ఒక్క కారణంతోనే లక్షకు దాదాపు 124 బిట్లు తప్పుతాయి. పైగా ఎస్ఎన్ఆర్‌ను మరో 10 డెసిబెల్ పెంచితే మొదటి రకం లోపాలు (రిలే సరిగ్గా చదివినా వచ్చేవి) నూరో వంతుకు పడిపోగా, రెండో రకం (రిలే తప్పు వల్ల వచ్చేవి) పదో వంతుకే తగ్గుతాయి. మీ గ్రాఫ్‌లో కనిపిస్తున్న వాలు ఈ రెండో రకానిదే. రిలే గమ్యానికి దగ్గరగా ఉంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది, మూలానికి దగ్గరగా ఉంటే చాలా మెరుగుపడుతుంది; మీ అమరికలో రిలే స్థానం జరిపి చూస్తే నిర్ధారణ వెంటనే దొరుకుతుంది.

పరిష్కారాల్లో సరళమైనది, రిలే దగ్గర సిఆర్‌సి (ఫ్రేమ్‌లో, అంటే ఒకేసారి పంపే బిట్ల గుంపులో, తప్పు ఉందో లేదో చెప్పే అదనపు బిట్లు) తనిఖీ పెట్టి, ఫ్రేమ్ తప్పిన చోట రిలేను మౌనంగా ఉంచడం. ఇలా ఎంపిక చేసి పంపే పద్ధతికి రెండో తరగతి డైవర్సిటీ (రెండు స్వతంత్ర దారులు ఉన్నప్పటి వేగంతో లోపాలు తగ్గడం) వస్తుందని పరిశోధకులు లేన్‌మన్, ట్సే, వోర్నెల్ 2004లోనే చూపించారు. అయితే ఫ్రేమ్ పొడవైనదై, ఛానల్ ఫ్రేమ్ మధ్యలోనే మారుతూ ఉంటే, ఒక్క బిట్ తప్పినందుకు ఫ్రేమ్ మొత్తం వృథా అవుతుంది. అటువంటప్పుడు రిలే శాఖ బరువును రెండు అంచెల్లో బలహీనమైన దాన్ని బట్టి తగ్గించడం మేలని నా అభిప్రాయం. దానికి మొదటి అంచె నాణ్యతను గమ్యానికి తెలియజేయాల్సి ఉంటుంది, ఆ అదనపు భారం పెద్దదేమీ కాదు. డీకోడ్ చేయకుండా సంకేతాన్ని పెంచి పంపే రిలేలో ఈ తప్పుడు నిర్ణయాల సమస్యే ఉండదు కానీ నాయిస్ కూడా పెరుగుతుంది: రెండు అంచెలూ 20 డెసిబెల్ ఉన్నప్పుడు ఆ దారి మొత్తం మీద దక్కేది సుమారు 17 డెసిబెల్ మాత్రమే.

లెక్కింపు విషయంలో ఒక హెచ్చరిక. వంద లోపాలు వచ్చేవరకు సిములేషన్ నడిపితే ఫలితంలో అనిశ్చితి సుమారు 10 శాతం ఉంటుందని అందరూ పాటించే లెక్క, లోపాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చినప్పుడే వర్తిస్తుంది. నెమ్మదిగా మారే ఫేడింగ్‌లో ఒక్క లోతైన ఫేడ్ ఒకే ఫ్రేమ్‌లో వంద బిట్లను చెడగొట్టగలదు. అది ఒక్క సంఘటనే. కాబట్టి తప్పిన బిట్లకు బదులు, లోపం వచ్చిన వేర్వేరు ఛానల్ స్థితులను లెక్కించండి. బోర్డుల మీద కొలిచేటప్పుడైతే, సిఆర్‌సి తప్పిన ఫ్రేములను తనంతట తానే పారేసే సదుపాయం చాలా రేడియో చిప్‌లలో ఉంటుంది. రిలే దగ్గర దాన్ని ఆపివేసి, ప్రతి ఫ్రేమ్‌కూ వరుస సంఖ్య చేర్చితే తప్ప మూడు లాగ్‌లూ ఒకదానికొకటి సరిపోలవు.