ముక్కు సర్జరీ: వారంలో తేలేది ఎంత, ఏడాది పట్టేది ఎంత?

ప్రశ్న: నా వయసు 23. ముక్కు మధ్యలో బొడిపెలా ఎత్తుగా ఉంటుంది. నవ్వితే కొన కిందికి వాలుతుంది. ఎడమవైపు గాలి సరిగా ఆడదు. సర్జరీ చేయించుకుందామంటే తలా ఒక మాట చెబుతున్నారు. వారంలో అంతా సర్దుకుంటుందని ఒకరు, ఇంజెక్షన్‌తో పోయేదానికి కోత ఎందుకని ఇంకొకరు. వాసన పోతుందని, ముక్కు కూలిపోతుందని ఇంట్లో భయపెడుతున్నారు. ఏది నమ్మాలి?

సలహా: మీ ఇంట్లోవాళ్ల భయంలో కొంత నిజముంది, అక్కడి నుంచే మొదలుపెడదాం. ముక్కులో పైన మూడో వంతు మాత్రమే ఎముక, మిగతాదంతా మృదులాస్థి (కార్టిలేజ్). మీరు చెప్పే బొడిపెలో మామూలుగా ఈ రెండూ ఉంటాయి. దాన్ని చెక్కేస్తే ముక్కు పైకప్పు తెరుచుకుంటుంది. అందుకే పక్క ఎముకలను కోసి దగ్గరికి జరుపుతారు. కప్పు కింద ఆసరా పోయిన పక్క మృదులాస్థి లోపలికి కుంగకుండా ముక్కు మధ్యగోడ నుంచి సన్నటి పట్టీలు తీసి ఇరువైపులా అమరుస్తారు. ఈ పని వదిలేసినప్పుడే కొన్ని నెలలకు ముక్కు మధ్యలో తలకిందులైన వి ఆకారం తేలుతుంది, గాలి కూడా ఆడదు. మధ్యగోడలోనూ పైఅంచున, ముందు అంచున కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున మృదులాస్థిని వదిలేయాలి. అంతకన్నా ఎక్కువ తీసేస్తే ముక్కు జీనులా కుంగుతుంది. సర్జరీ తర్వాత కూలిన ముక్కుల్లో చాలావరకు ఇలా అతిగా తీసేసినవే.

ఎడమవైపు ఇబ్బందికి ఒక చిన్న పరీక్ష మీరే చేసుకోవచ్చు. ముక్కు పక్కన చెంపపై రెండు వేళ్లు ఆనించి మెల్లగా చెవి వైపు లాగి గాలి పీల్చండి. అప్పుడు హాయిగా ఆడితే లోపలి సన్నటి దారి ఇరుకైందని అనుమానించాలి. తేడా లేకపోతే మధ్యగోడ వంకరో, అలర్జీ వాపో కావచ్చు. ఏదైనా ఎండోస్కోపీతో చూసి తేల్చాల్సిందే. వంకర ఉంటే దాన్నీ, ఆకారాన్నీ ఒకేసారి సరిచేయించుకోవడం మేలు. పట్టీలకు కావాల్సిన మృదులాస్థి ఆ గోడలోనే దొరుకుతుంది కదా. ముందే విడిగా దూలం (మధ్యగోడ) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు అది చాలక చెవి నుంచో, పక్కటెముక నుంచో తేవాల్సి వస్తుంది. నవ్వినప్పుడు కొన వాలడానికి అక్కడి చిన్న కండరం కారణమైతే, దాన్నీ అదే సర్జరీలో వదులు చేయవచ్చు.

వాసన సంగతి: ఆ నరాలు ముక్కు లోపలి కప్పు దగ్గర, బాగా పైన ఉంటాయి. వాపు వల్ల కొన్ని వారాలు వాసన మందగించినా మళ్లీ వస్తుంది. శాశ్వతంగా పోవడం అరుదు.

ఇక ఇంజెక్షన్. ఫిల్లర్ (చర్మం కింద ఎక్కించే జెల్) నింపుతుందే గానీ తగ్గించదు. బొడిపెకు పైనా కిందా నింపితే గీత తిన్నగా కనిపిస్తుంది, ముక్కు మాత్రం కాస్త పెద్దదే అవుతుంది. గాలి సమస్య తీరదు, కొన్ని నెలల నుంచి ఏడాదికి పైగా ఉండి కరిగిపోతుంది. పైగా ముక్కు రక్తనాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది. మందు పొరపాటున నాళంలోకి వెళితే చర్మం చచ్చిపోవచ్చు, చూపే పోవచ్చు. ఇంజెక్షనే కదా అని బ్యూటీ పార్లర్లలో వేయించుకునేది కాదిది.

‘వారం’ అన్న మాట సగమే నిజం. ఏడో రోజుకు స్ప్లింట్ (ముక్కుపై అమర్చే గట్టి కట్టు) తీస్తారు, కళ్ల కింద కమిలినది 10-14 రోజుల్లో పోతుంది. స్ప్లింట్ తీసిన రోజు కొన ఉబ్బి, పైకి లేచినట్టు ఉంటుంది, కంగారుపడకండి. చివరగా దిగేది కొన వాపే. ఏడాది పడుతుంది, చర్మం మందంగా ఉంటే ఇంకా ఎక్కువ. రెండోసారి దిద్దాలన్నా సాధారణంగా ఏడాది ఆగాలి.

నిర్ణయానికి ముందు సెల్ఫీలు పక్కన పెట్టండి. 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుంది. మీటరున్నర దూరం నుంచి వేరొకరితో తీయించి చూడండి.

సర్జరీ ఖాయమైతే పొగ అలవాటును కనీసం నాలుగు వారాల ముందే మానాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి రెండు వారాల ముందు ఆపిస్తారు (గుండె కోసం వాడుతుంటే సొంతంగా ఆపవద్దు). సర్జరీ తర్వాత రెండు మూడు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాలు కళ్లద్దాల బరువు ముక్కుపై పడకూడదు. మొదటి రోజుల్లో ముక్కు పూర్తిగా మూసుకుపోయి నొప్పి పెరుగుతుంటే మధ్యగోడలో రక్తం గడ్డకట్టిందేమోనని అదే రోజు చూపించుకోండి. ఆలస్యమైతే రక్తసరఫరా అందక మృదులాస్థి కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది.