బడిలో వాలంటీరుకు చోటెక్కడ?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఏడాదిపాటు సేవకు ముందుకొచ్చి, చదువులో వెనుకబడిన విద్యార్థులకు బడుల్లో తోడుగా పనిచేసే యువతీయువకుల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. రాసినవారిలో చాలామంది ఆ యువతను నడిపించే బాధ్యతలో ఉన్నవారే. నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను. పేర్లు, బడుల వివరాలు తొలగించాము.

ప్రశ్న: ఒక ఉన్నత పాఠశాలలో ఆరుగురు వాలంటీర్ల బాధ్యత నాది. అందరూ 18 నుంచి 23 ఏళ్ల లోపువారు. మొదటి నెల ఎంతో ఉత్సాహంగా పనిచేశారు. రెండో నెల నుంచి ఇద్దరు తరచూ ఆలస్యంగా వస్తున్నారు, ఒకరు చెప్పకుండానే మానేస్తున్నారు. గట్టిగా అడిగితే, ‘వచ్చి చేసేదేముంది, టీచర్లు లేని తరగతుల్లో పిల్లలను కూర్చోబెట్టడం, పేపర్లు దిద్దడం తప్ప’ అంటున్నారు. క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టమని మా కార్యాలయం ఒత్తిడి చేస్తోంది. ఏం చేయాలి?
– ఒక సమన్వయకర్త

జవాబు: ఆ చర్యలను ఒక నెలపాటు ఆపమని మీ కార్యాలయాన్ని ఒప్పించండి. ఆలస్యం చిన్న విషయమని నేను అనడం లేదు. మొదటి గంటకే అక్క వస్తుందని గుమ్మం వైపు చూస్తూ కూర్చునే పిల్లకు అది చాలా పెద్ద విషయం. అయితే మీ వాలంటీర్లు చెప్పిన కారణంలో నిజముంది. ఆ నిజాన్ని సరిదిద్దకుండా ఎంత గట్టిగా మందలించినా, వారు వేళకు వచ్చి అదే పేపర్లు దిద్దుతారు, ఏడాది చివరికి పిల్లల పరిస్థితి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

వాలంటీరు పని ఇదీ అని ముందే గీత గీయకపోతే, నీరు పల్లానికి చేరినట్లు బడిలోని లోట్లన్నీ అతని దగ్గరికే చేరతాయి. సెలవు పెట్టిన ఉపాధ్యాయుడి పీరియడు, దిద్దని జవాబు పత్రాలు, నింపని రిజిస్టర్లు అన్నీ అటే వస్తాయి. ఇందులో ఉపాధ్యాయుల దురుద్దేశం వెతకడం న్యాయం కాదు. పని మిగిలిపోయి ఉంది, మనిషి ఎదురుగా ఉన్నాడు, అందుకని అప్పగిస్తారు. దీని ఫలితాన్ని భారతదేశంలో పరిశోధకులు కొలిచి చూశారు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ముంబై, వడోదర బడుల్లో ‘బాలసఖి’ పేరుతో స్థానిక యువతులను నియమించి, 3, 4 తరగతుల్లో వెనుకబడిన పిల్లలను 20 మంది దాకా రోజుకు 2 గంటలపాటు వేరుగా కూర్చోబెట్టి చదవడం, లెక్కలు చేయడం నేర్పించినప్పుడు, 2001–2003 మధ్య జరిగిన అధ్యయనంలో ఆ పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. తరువాతి కాలంలో అదే సంస్థ శిక్షణతో ఉత్తరాఖండ్ ప్రభుత్వ బడుల్లోకి వెళ్లిన వాలంటీర్లను మాత్రం బడులు మామూలు ఉపాధ్యాయులలో కలిపేసుకుని పాఠ్యపుస్తకమే చెప్పించాయి, పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ముంబైలో ఆ యువతులకు తమదంటూ ఒక పని ఉంది. ఉత్తరాఖండ్‌లో అది చేజారిపోయింది. మీ బడిలో ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

కాబట్టి ముందుగా ప్రధానోపాధ్యాయుడితో ఒక గంట కూర్చోండి. ఫిర్యాదుతో వెళ్లకండి, ఒక కాగితంతో వెళ్లండి. వాలంటీర్లు ఏయే పిల్లలతో, ఏ పీరియడులో, ఏ గదిలో పనిచేస్తారో, ఒక్కొక్కరికి ఏ ఉపాధ్యాయుడు దారి చూపుతారో, ఏయే పనులు వారికి అప్పగించకూడదో ఆ ఒక్క పేజీలో ఉండాలి. అత్యవసరంగా తరగతిని చూసుకోవలసి వస్తే నెలకు ఎన్ని పీరియడ్ల వరకు ఒప్పుకుంటారో కూడా రాయండి, ఎందుకంటే అసలు ఒప్పుకోబోమని చెప్పే ఒప్పందం ఏ బడిలోనూ వారం రోజులకు మించి నిలవదు. ఆ కాగితాన్ని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు చదివించండి. ఈ పని చేయవలసింది మీరే. ఒక సీనియర్ ఉపాధ్యాయుడికి ‘ఇది నా పని కాదు’ అని చెప్పే భారాన్ని 19 ఏళ్ల పిల్లవాడి మీద పెట్టకూడదు.

ఏ పిల్లలను ఎంచుకోవాలన్నది దాని తరువాతి మెట్టు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర బడుల మీద జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు రాబర్ట్ బాల్ఫాంజ్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం, హాజరు, ప్రవర్తన, గణితం–భాషల్లో ఫలితం అనే గుర్తులను ఆరో తరగతిలోనే గమనిస్తే మున్ముందు చదువు ఆగిపోయే ప్రమాదమున్న పిల్లలలో పెద్ద భాగాన్ని ముందే గుర్తించవచ్చని చూపింది. 1988లో బోస్టన్‌లో మొదలైన సిటీ ఇయర్ సంస్థ యువ సేవకులు ఈ గుర్తుల ఆధారంగానే పిల్లలను ఎంచుకుని పనిచేస్తారు. మీ బడి హాజరు పట్టికతో మీరూ ఈ పని చేయవచ్చు. పనిదినాలలో పదో వంతు, అంతకు మించి రాని పిల్లల పేర్లు ముందు రాసుకోండి. ఒక్కొక్క వాలంటీరుకు 10 నుంచి 15 మందికి మించి ఇవ్వకండి. వారిని ముగ్గురు నలుగురి చొప్పున, వారానికి కనీసం 3 సార్లు, అరగంట చొప్పున, వీలైనంతవరకు బడి వేళల్లోనే కూర్చోబెట్టాలి. బడి అయ్యాక పెట్టే తరగతుల కంటే బడి వేళల్లో జరిగే సాయం వల్లనే ఎక్కువ మేలు కనిపిస్తోందని 2020లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది. మామూలు వాలంటీర్ల కంటే శిక్షణ పొందిన సహాయకుల వల్ల ఫలితం మెరుగ్గా ఉంటుందనీ అదే సమీక్ష చెప్పింది. ఏడాది మొదట్లో ఒకసారి శిక్షణ ఇచ్చి చేతులు దులుపుకునేవారు ఈ మాటను గట్టిగా పట్టించుకోవాలి.

ఇక మీ సొంత సమయం సంగతి. ప్రతి వాలంటీరుతోనూ వారానికి ఒకసారి అరగంట విడిగా మాట్లాడండి. ఆరుగురికి 3 గంటలు పడుతుంది. నివేదికల పేరుతో ఈ 3 గంటలే ముందుగా కోతకు గురవుతాయి కానీ, నా అనుభవంలో మిగతా వారమంతా నిలబడేది వీటి మీదనే. ‘పని ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు. ‘ఈ వారం ఏ పిల్లవాడి దగ్గర నీకు దారి తోచలేదు’ అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. రెండు వారాలకు ఒకసారి వారు పిల్లలతో పనిచేస్తుండగా 20 నిమిషాలు వెనుక కూర్చుని చూడండి, చూసినదాన్ని ఆ రోజే చెప్పండి. ‘చాలా బాగా చేశావు’ అనే మాట వారికి పెద్దగా ఉపయోగపడదు. ‘ఆ అబ్బాయి తప్పు జవాబు చెప్పినప్పుడు నువ్వు వెంటనే సరిదిద్దకుండా, ఎలా వచ్చిందో చెప్పమన్నావు, తన తప్పు తానే కనుక్కున్నాడు’ అంటే మరుసటి రోజు కూడా అలాగే చేస్తారు.

ఆలస్యం గురించి ఈ అరగంటలోనే, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి. ఎన్ని రోజులు, ఎంత ఆలస్యమైందో ముందు చెప్పి, ఆ సమయంలో ఏ పిల్లలు ఎదురుచూశారో పేర్లతో చెప్పి, కారణం అడిగి, పూర్తిగా వినండి. ఇంటి బాధ్యతలు, దూరం, డబ్బు ఇబ్బంది, కొన్నిసార్లు మనసు బాగా లేకపోవడం, ఇవన్నీ ఆ వయసులో నోరు తెరిచి చెప్పుకోలేని విషయాలే. మాటల చివర ఇద్దరూ ఒప్పుకున్న దానిని తేదీతో రాసుకోండి. సొంత పని దొరికాక, కారణం విన్నాక, నెల గడిచాక కూడా మార్పు రాకపోతే అప్పుడు నిబంధనల ప్రకారం నడవండి. అప్పుడు వెనుకాడకండి.

ప్రశ్న: మా జట్టులోని 20 ఏళ్ల అమ్మాయి పిల్లలతో చాలా చనువుగా ఉంటుంది. తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు రాత్రిళ్లు ఆమెకు ఫోనులో మెసేజీలు పంపుతోందని నిన్ననే తెలిసింది. ఇంట్లో ఒక పెద్దమనిషి తనను విపరీతంగా కొడుతున్నాడని ఆ పిల్ల చెప్పిందట, ఎవరికీ చెప్పనని మా వాలంటీరు మాట ఇచ్చిందట. ఇప్పుడు మాట తప్పితే ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదేమోనని ఏడుస్తోంది. నన్నేం చేయమంటారు?

జవాబు: ఈ పత్రిక మీ చేతికి వచ్చే దాకా ఆగకూడని విషయం కనుక మీకు విడిగా జవాబు పంపించాము. ఇతరులకూ అవసరమని ఇక్కడ ప్రచురిస్తున్నాము.

తెలిసిన రోజే బడిలో పిల్లల రక్షణ బాధ్యత చూసే వ్యక్తికి, అలాంటివారు లేకపోతే ప్రధానోపాధ్యాయుడికి ఈ సంగతి చేరాలి. పిల్ల చెప్పిన మాటలను చెప్పినవి చెప్పినట్లుగా, తేదీ, సమయంతో సహా వాలంటీరు చేత రాయించండి. ఆ మెసేజీలను చెరిపేయవద్దని చెప్పండి. మీరుగానీ వాలంటీరుగానీ పిల్లను గుచ్చి గుచ్చి అడగకూడదు, ఇంటికి వెళ్లకూడదు, ఆ పెద్దమనిషితో మాట్లాడకూడదు. విచారణ చేయడం మీ పని కాదు, తెలియని చేయి పడితే పిల్లకు మరింత కీడు జరగవచ్చు. భారతదేశంలోనైతే పిల్లల సహాయం కోసం 1098 నంబరు ఉంది. లైంగిక వేధింపుల విషయమైతే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి.

ఇక ఇచ్చిన మాట సంగతి. ఆ పిల్లకు తెలియకుండా పై వారికి చెప్పడమే నమ్మకద్రోహం అవుతుంది, ముందే ఆమెకు చెప్పి చేస్తే కాదు. వాలంటీరు పక్కన మీరు కూర్చోండి, ఆమెనే ఇలా చెప్పనివ్వండి: ‘ఎవరికీ చెప్పనని నీకు మాట ఇవ్వడం నా పొరపాటు. నిన్ను కాపాడటం నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. ఈ విషయం ఫలానా మేడమ్‌కు చెబుతున్నాను. ఆవిడతో మాట్లాడేటప్పుడు నేను పక్కన ఉండాలంటే ఉంటాను.’ పిల్ల కోపగించుకోవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. ఆ కోపాన్ని భరించడం కూడా ఈ పనిలో భాగమేనని వాలంటీరుకు మెల్లగా చెప్పాలి.

ఆమెను దయచేసి దోషిలా నిలబెట్టకండి. 20 ఏళ్ల అమ్మాయికి ఇంత బరువైన మాట వినవలసి వస్తుందని మీరు ముందే ఊహించి, శిక్షణ మొదటి వారంలోనే ‘రహస్యంగా ఉంచుతానని ఏ పిల్లకూ మాట ఇవ్వకూడదు’ అని నేర్పి ఉండవలసింది. పిల్లలు వాలంటీర్లను సార్, మేడమ్ అనరు, అన్నా, అక్కా అంటారు. ఉపాధ్యాయులకు చెప్పనివి వీరికి చెప్పడానికి కారణం ఆ దగ్గరితనమే, హద్దులు అవసరమయ్యేదీ దాని వల్లనే. సొంత ఫోను నంబర్లు, సామాజిక మాధ్యమాల ఖాతాలు పిల్లలతో పంచుకోకూడదు. ఒంటరిగా మాట్లాడవలసి వస్తే బయటికి కనిపించే చోట, తలుపు తెరిచి మాట్లాడాలి. బడి బయట కలవకూడదు. ఈ నియమాలు పిల్లలను కాపాడినంతగా వాలంటీర్లనూ కాపాడతాయని చెబితే అర్థం చేసుకుంటారు.

తరువాతి కొన్ని వారాలు ఆ వాలంటీరు అమ్మాయిని గమనిస్తూ ఉండండి. నిద్ర పడుతోందా, తింటోందా అని అడగండి. అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి పంపండి.

ప్రశ్న: నా వయసు 23. నిరుడు వాలంటీరుగా ఉన్నాను, ఈ ఏడాది నన్నే జట్టు నాయకుణ్ణి చేశారు. ఏడుగురిలో ముగ్గురు నా స్నేహితులు. వారి తప్పులు ఎత్తి చూపలేకపోతున్నాను, మిగతా నలుగురికి అది తెలిసిపోతోంది.

జవాబు: ఆ ముగ్గురితోనూ ఒక్కొక్కరితో విడిగా, ఈ వారంలోనే మాట్లాడండి. పని వేళల్లో మీ మాట ఎలా ఉండబోతోందో, ఎందుకో ముందే చెబితే మంచి స్నేహితులు నొచ్చుకోరు. తప్పు గురించి మాట్లాడేటప్పుడు వారి స్వభావం జోలికి వెళ్లకుండా, ఆ రోజు ఏ పిల్లకు ఏం తక్కువైందో దానితో మొదలుపెట్టండి. నలుగురికి పెట్టిన నియమాన్ని ముగ్గురికీ పెట్టండి, మీకూ పెట్టుకోండి. స్నేహితుల పనితీరు నివేదిక మీద సంతకం చేసే బాధ్యత మీ దగ్గర ఉంటే దాన్ని తీసుకోమని మీ సమన్వయకర్తను అడగండి. అలా అడగడం బలహీనత కాదు.

ప్రశ్న: మా వాలంటీరు ఒకరికి ఏడాది మధ్యలో ఉద్యోగం వచ్చింది, పది రోజుల్లో వెళ్లిపోతున్నాడు. అతని దగ్గర చదువుకునే పన్నెండు మంది పిల్లలకు ఎలా చెప్పాలి? చెప్పకుండా కొత్తవారిని పంపిస్తే మెల్లగా అలవాటు పడతారని మా ఉపాధ్యాయులు అంటున్నారు.

జవాబు: చెప్పకుండా పంపవద్దు. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు నేను అదే తప్పు చేశాను. పిల్లలు బాధపడతారని, ఒక వాలంటీరు వెళ్లిపోయిన సంగతి దాచాను. ఏడో తరగతి అబ్బాయి ఒకడు చాలా రోజులు తన లెక్కల పుస్తకం కొత్త అమ్మాయికి ఇవ్వలేదు. ఎందుకని అడిగితే, తాను పరీక్షలో తప్పడం వల్లనే అన్న రావడం మానేశాడా అని నన్నే ఎదురు ప్రశ్నించాడు. పెద్దవాళ్లు కారణం చెప్పకపోతే పిల్లలు కారణాన్ని తమలోనే వెతుక్కుంటారని నాకు అప్పుడు తెలిసింది.

పది రోజులు చాలు. రేపే అతని చేతనే చెప్పించండి. ఎందుకు వెళ్తున్నాడో, ఆఖరి రోజు ఏదో, తన తరువాత ఎవరు వస్తారో స్పష్టంగా చెప్పాలి. మళ్లీ వచ్చి కలుస్తానని, ఫోను చేస్తానని మాట ఇవ్వకూడదు, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకపోవడమే దయ. కొత్త వాలంటీరు దొరికి ఉంటే చివరి మూడు రోజులు ఇద్దరూ కలిసి పిల్లలతో కూర్చోవాలి. దొరకకపోతే ఆ పన్నెండు మందిని మిగతా వాలంటీర్లకు మీరే పంచి, ఏ పిల్ల ఎవరి దగ్గరికి వెళ్తుందో అతను ఉండగానే తెలియజేయండి. ప్రతి పిల్లవాడి గురించి ఒక్కొక్క పేజీ రాసి ఇవ్వమని అతన్ని అడగండి. ఎక్కడి దాకా నేర్చుకున్నాడు, ఎక్కడ తడబడతాడు, ఏ మాటకు ముడుచుకుపోతాడు, దేనికి నవ్వుతాడు అన్నవి అందులో ఉండాలి. ఆఖరి రోజున ప్రతి ఒక్కరికీ, తాను వారిలో గమనించిన ఒక మార్పును చేతిరాతతో రాసి ఇమ్మనండి. అందుకు ఒక మధ్యాహ్నమంతా పడుతుంది కనుక, ఆ రోజు అతనికి మరే పనీ అప్పగించకండి.